డోరా గొంతు

ఫ్రాయిడ్ 1905లో ప్రచురించిన 'డోరా' కేసుని నేను వైద్యగ్రంథంగా కాక కథగానే చదివాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, జబ్బుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, కథ చెప్పేవాడు ఎవరి పక్షమో పాఠకుడు చూసుకోవాలి.

1900లో వియన్నాలో 18 ఏళ్ళ అమ్మాయిని తండ్రి ఆయన దగ్గరికి తీసుకొచ్చాడు. దగ్గు, మధ్యమధ్య గొంతు పడిపోవడం. తండ్రికి స్నేహితుడి భార్యతో సంబంధం. ఆ స్నేహితుడు ఈ పిల్ల వెంట పడ్డాడు. చెబితే, అదంతా నీ ఊహ అన్నారు. ఫ్రాయిడ్ మాత్రం నమ్మాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

కానీ 14 ఏళ్ళప్పుడు అతను హఠాత్తుగా పట్టుకుని ముద్దు పెట్టుకుంటే ఆమెకి కలిగిన అసహ్యాన్నే హిస్టీరియా లక్షణంగా లెక్కకట్టాడు. మరేం కలగాలి? ఇంటి పరిస్థితినంతా వివరంగా రాసిన మనిషే, కారణం దగ్గరికొచ్చేసరికి దాన్ని పక్కన పెట్టి ఆమె కోరికల్లో వెతికాడు. మనసుకి పాత్ర లేదనను. మాట చెల్లని ఇంట్లో గొంతు పోయిందంటే, మనసునీ ఇంటినీ కలిపే చదవాలి.

సుమారు 11 వారాలకి ఆమె రావడం మానేసింది. ఆయన దాన్నీ పగ తీర్చుకోవడంగానే చదివాడు. నాకది ఆమె ఇచ్చిన జవాబులా వినిపిస్తుంది.

అమెరికన్ సైకియాట్రిస్టుల సంఘం 1980లో పాత హిస్టీరియాని విడగొట్టి వేరే పేర్ల కింద సర్దింది. మన ఇళ్ళలో ఆ మాట ఇంకా ఆడవాళ్ళ మీద తిట్టుగా మిగిలే ఉంది.