ఎవరి కళ్ళకు కథ ఉంది?

హిందూపురానికి 15 కిలోమీటర్లలో ఉన్న లేపాక్షి గుడిలో, పూర్తికాని కల్యాణ మంటపం దగ్గర గోడ మీద రెండు ఎర్ర మరకలు చూపిస్తారు. అవి విరూపణ్ణ కళ్ళంట. అచ్యుతదేవరాయల కాలం (1529-42) అధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడనీ, రాజు కళ్ళు తీయించమంటే తానే పెరికి గోడకేసి కొట్టాడనీ కథ. మా అబ్బ ఈ కథను గుడి బయట నిలబడి విన్నాడు. మరకలు ఆయన చూడలేదు, నేను చూసినాను.

పెనుకొండలో ఇంకో కళ్ళ కథ. తిమ్మరుసును బంధించిన చోటని కోటలో ఒక కట్టడం చూపిస్తారు. రాజు తన మంత్రి కళ్ళు తీయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' సినిమా వచ్చింది. అందులో కృష్ణదేవరాయలుగా వేసిన ఎన్టీఆరే 1985, 1989, 1994లలో హిందూపురం ఎమ్మెల్యేగా గెలిచాడు. రాయలు మన జనం కళ్ళకు ఆయన ముఖంతోనే కనిపిస్తాడు. ఇది చిన్న విషయం కాదు, కానీ దాన్ని ఇంకోసారి చూద్దాం.

నేనడిగేది మూడో కళ్ళ గురించి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పాయెస్, మహర్నవమి పండగలో రాజు ముందర జెట్టీల కుస్తీ వర్ణించాడు. పళ్ళు రాలేవి, కళ్ళు పోయేవి, ముఖాలు చితికేవి. మాట పడిపోయినవాళ్ళను తోటివాళ్ళు మోసుకుపోయేవాళ్ళు. ఆ జెట్టీలలో ఒక్కడి పేరూ పాయెస్ రాయలేదు. జెట్టీలు దళితులని నేననడం లేదు. రాజు వినోదానికి పోయిన కంటికి మరక లేదు, సినిమా లేదు అంటున్నాను, అంతే.

ధర్మవరంలో మగ్గం నేసే ఒక మిత్రుడు నాకు 'స్పార్టకస్' తెలుగు పుస్తకం ఇచ్చాడు. కాపువా మల్లశాల నుంచి వంటగది కత్తులూ, మాంసం కాల్చే చువ్వలూ పట్టుకుని 70 మందికి పైగా బయటపడ్డారు. అది క్రీ.పూ. 73. రెండేళ్ళు రోము సైన్యాలను ఓడిస్తూ పోయారు. క్రీ.పూ. 71లో క్రాసస్ గెలిచి, కాపువా నుంచి రోము దాకా బాట పొడుగునా 6,000 మందిని శిలువ వేయించాడు. హోవర్డ్ ఫాస్ట్ జైలు నుంచి వచ్చి 1951లో తన ఖర్చుతోనే ఈ నవల అచ్చేసుకున్నాడు.

మన చర్చల్లో ఈ పుస్తకం వీరుడి కథగానే నడుస్తుంది. అది సగం చదవడమే. నవల మొదలయ్యేసరికి స్పార్టకస్ చనిపోయి ఉంటాడు. అతని కథ చాలావరకు రోము పెద్దల జ్ఞాపకాల్లోంచే వస్తుంది. ఇది ఫాస్ట్ నిజాయితీ. ఎందుకంటే స్పార్టకస్ రాసుకున్నది ఏదీ మిగల్లేదు, మనకున్నదంతా ప్లూటార్క్, అప్పియన్ లాంటి అవతలి పక్షంవాళ్ళు రాసిందే. ఇంకొకటి. స్పార్టకస్‌ను చంపనని ఎదురు తిరిగి, చూడ్డానికొచ్చిన దొరల మీదికి లేచిన నల్ల మల్లుడు డ్రాబా ముందు చస్తాడు. మనోళ్ళ ఉపన్యాసాల్లో డ్రాబా పేరు నేను వినలేదు.

అట్లని స్పార్టకస్‌ను మనవాడని అమాంతం ఎత్తుకోవడం కూడా కుదరదు. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది అంబేడ్కర్. రోములో బానిస యజమాని ఇంట్లో ఉండగలడు, చదువు చెప్పగలడు, లెక్కలు రాయగలడు. అతడు తాకితే రోము మైలపడలేదు. మా అబ్బ గుడి బయట నిలబడిన సంగతి ఆ నవల్లో దొరకదు.

ఇక నా పేచీ. అబ్బ విరూపణ్ణ కథ చెప్పేటప్పుడు ఒక మాట కలిపేవాడు: "మంటపం ఆగిపోయినాక రాళ్ళు మోసినోళ్ళకు కూలి ముట్టలేదంట, నాయనా." దీన్ని నా పరిశోధనలో రాస్తే, ఒక పెద్దాయన ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన "గాలిమాట" అని రాశాడు. అదే పేజీలో మరకల కథను "స్థలపురాణం" అని ఉంచాడు. రెంటికీ శాసనం చూపలేను. మరి రాళ్ళు మోసినోళ్ళ మాట గాలికెట్లా పోయింది, విరూపణ్ణ కళ్ళు గోడకెట్లా అంటుకున్నాయి?

కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ రాసినాను. చెప్పింది ఎవరో, ఏ ఊర్లోనో, ఏ సంవత్సరం విన్నానో పెట్టి.