అద్భుతకథలలో బాలుని కర్తృత్వము

పంజగుట్టచెంత ఫక్రుల్ ముల్కు నవాబు కట్టించిన సౌధము పేరు ఇరమ్ మంజిల్. ఇరమ్ అనఁగాఁ గథలలోని స్వర్గతుల్యమైన తోఁట. తెలుఁగువారి నోట నది ఎఱ్ఱమంజిల్ అయ్యెను. వినువారు రంగునే తలఁతురు గాని తోఁటను దలఁపరు. మన మాంత్రికకథలకును నిట్టి గతియే పట్టినది. వానిలోఁ బైరంగు చూచువారే గాని లోనియర్థము నరయువారు తక్కువ.

ఈ కథలు బాలురకు మాయలయం దాస గొల్పునని కొందఱు పండితులు వానిని బడులకు దూరముగా నుంచుదురు. ఆ యాక్షేపము పూర్తిగాఁ ద్రోసివేయఁదగినది కాదు. దానిఁ బరీక్షించుటకు వ్యాకరణమే చాలును. పాణిని స్వతంత్రునకుఁ గర్తృసంజ్ఞ చెప్పెను (1-4-54); సాధకతమమునకుఁ గరణసంజ్ఞ (1-4-42). గొడ్డలి యెంత పదునైనను నఱకువాఁడు దేవదత్తుఁడే. వివక్షచే గొడ్డలియే నఱకుచున్నదనియు ననవచ్చును. మాయవస్తువు బాలునిఁ ద్రోసి యట్లు కర్తయైనచోట నాక్షేపము నిలుచును; కానిచోట నిలువదు.

బాలనాగమ్మకథ చూడుఁడు. మాయలఫకీరు తండ్రిని ఱాయి చేసి, తల్లిని గుక్కగా మార్చి, నాగళ్ళపూడిగట్టునకుఁ గొనిపోయెను. ఉయ్యాలలో మిగిలిన బాలవర్ధి పెరిగి, తంబళ్ళపెద్ది మనుమఁడనని చెప్పుకొని గట్టులోఁ జొచ్చెను. ఫకీరు ప్రాణము చిలుకలో నున్నదను రహస్యము తల్లి రాఁబట్టఁగా, సముద్రములు దాఁటి దానిఁ దెచ్చెను. ఇందు వానికి మాయవస్తువెవ్వరు నీయలేదు. అంతకంటె ముఖ్యము, నోము నెపమున నేండ్లకొలఁది గడువు పొందిన బాలనాగమ్మ. చెఱలో నుండియుఁ గొడుకునకుఁ బ్రయోజకకర్త్రి యామెయే. ఈ కథను గేవల పాతివ్రత్యకథగాఁ జెప్పువారు సగమే చదివి రనవలయును.

కె. వి. రెడ్డిగారి పాతాళభైరవి (1951) యందుఁ గథ చిక్కుగా నున్నది. నేపాళమాంత్రికుఁడు తోఁటరాముని బలికిఁ దెచ్చెను. కుట్ర యొరులవలనఁ దెలిసినను, వానినే బలియిచ్చి బ్రదికినవాఁడు రాముఁడు. అచ్చట నతఁడు కర్త. ప్రతిమ లభించిన పిదప భవనము, సంపద యన్నియు నదియే సమకూర్చును. ఈ భాగమునఁ గథ సడలినదనియే నా మతము. అయినను గవులు దాని నచ్చట నాపలేదు. ప్రతిమ మాంత్రికునిఁ జేరఁగానే వానికిని నట్లే యూడిగము చేసెను. రాకుమారి చెఱఁ బడెను. రాముఁడు మరల బయలుదేఱునప్పుడు ప్రతిమ లేదు. పాదుకలును గంబళియు మార్గమునకుఁ దోడుపడినవి గాని, మాంత్రికుని గడ్డము గొఱిగించినది అంజి మాటనేర్పే.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారి ధారావాహికలును నీ మార్గముననే పరిశీలింపఁదగినవి. నెలనెల నాపదతో నాఁగు కథలో బాలుని కర్తృత్వము మాటిమాటికిఁ బరీక్షకు వచ్చును.

ఇంకొక విశేషము. ఫకీరు ప్రాణము చిలుకయందు, నేపాళుని శక్తి గడ్డమునందు. ఇతరులను గర్మగాఁ జేసి ఱాళ్లుగను గుక్కలుగను మార్చినవారు తాము వేఱొక వస్తువున కధీనులై యుండిరి. బాలవర్ధి ప్రాణము మాత్రము వాని దేహమునందే యున్నది.