మూలన నిలబడ్డ కుర్రాడికి రెండో ఏడు కావాలి

కబడ్డీలో కూతకు వెళ్లినవాడి పని ఊరంతటికీ కనిపిస్తుంది. ఎవరిని తాకాడు, ఎందరిని అవుట్ చేసి గీత దాటి వచ్చాడు అన్నది చూడటానికి ఆట తెలిసి ఉండక్కర్లేదు. పట్టేవాడి పని అలా కాదు. భువనగిరి చుట్టుపక్కల, వలిగొండ, మోత్కూరు వైపు ఊళ్లలో పండగ టోర్నమెంటు పెడితే జనం ఈలలన్నీ రైడర్‌కే. ఎదుటివాణ్ని బోనస్ గీత దగ్గరికి కూడా రానివ్వకుండా మూలన కాపు కాసిన పిల్లవాడి పేరు ఎవరూ అడగరు. ఏడాది తిరిగి జట్టు ఎంపికలు వచ్చేసరికి మాత్రం ఆ పిల్లవాడి లెక్క బయటికి తీస్తారు. ఎన్ని పాయింట్లు తెచ్చాడు? పదో పన్నెండో. ‘వీడితో లాభం లేదు’ అనే మాట వచ్చేస్తుంది.

ఆ మాట ఎంత తొందరపాటుదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. పట్టు అనేది ఒక్క సీజన్‌లో తేలే విద్య కాదు. తేల్చాలనుకుంటే పాయింట్ల కాగితం పక్కన పెట్టి, చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు ఆ విద్యలో ఏముందో చూద్దాం. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీతకు అటూ ఇటూ ఒక్కో జట్టుకు 6.5 మీటర్ల చోటు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి మరో మీటరు లోపల బోనస్ గీత. రైడర్‌కు ఉన్నది 30 సెకన్లు. అతనికి ఎదురుగా ఏడుగురు. రెండు మూలల్లో కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, ఆ లోపల కవర్లు, నడుమ సెంటర్. చేతులు పట్టుకుని జంటలుగా కదులుతారు. ఆ చేతులు ఊరికే పట్టుకోరు. రైడర్ ఎటు తిరిగాడో, పక్కవాడు దూకబోతున్నాడో ఆగబోతున్నాడో మాట లేకుండా తెలిసేది ఆ చేతిలోనే.

చీలమండ పట్టు తీసుకోండి. కార్నర్ విద్యకు అదే మూలం. కోర్టులో ఆరుగురికి తగ్గకుండా డిఫెండర్లు ఉన్నప్పుడు రైడర్ బోనస్ కోసం కాలు చాపుతాడు. ముందు కాలు బోనస్ గీత దాటి నేలకు తగలాలి, అదే సమయంలో వెనక కాలు గాల్లోకి లేవాలి. ఆ ఒక్క క్షణం అతని బరువంతా చాపిన కాలి మీదే. మంచి కార్నర్ రైడర్ కళ్లలోకి చూడడు. కళ్లు అబద్ధం చెబుతాయి, చేతులు అంతకంటే ఎక్కువ అబద్ధం చెబుతాయి. అతను చూసేది ఆ కాలినే. కాలు గాల్లో ఉండగా దూకాడా, రైడర్ దాన్ని చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. తాకినందుకు డిఫెండరే బయటికి పోతాడు. కాలు నేలకు ఆని, బరువు దాని మీదికి దిగాక దూకితే ఇక లాగడం రైడర్ వల్ల కాదు. ఒక చెయ్యి మడమ పైన, ఇంకో చెయ్యి పాదం మీద పడాలి. మోకాళ్ల మీదికి దిగి ఆ పాదాన్ని పొట్టకు హత్తుకోవాలి. తల పక్కకు తిప్పుకోవాలి, లేకపోతే రైడర్ రెండో మోకాలు నేరుగా ముఖానికి వస్తుంది. ఈలోగా కవర్ పరుగున వచ్చి రైడర్‌కూ మధ్య గీతకూ నడుమ అడ్డం పడాలి. అతను అర క్షణం ఆలస్యమైతే, చీలమండ ఎంత గట్టిగా పట్టినా ఒళ్లు బారుగా చాచి చేత్తో గీత అందుకుంటాడు రైడర్. పట్టిన అందరూ అవుట్.

తొందరపడి దూకడాన్ని టీవీ వ్యాఖ్యాతలు అడ్వాన్స్ ట్యాకిల్ అంటారు. మన ఊరి గ్రౌండులో గీత బయట నిలబడ్డ పెద్దమనిషి, ‘ఆగురా... రానియ్యి... కాలు పడనియ్యి’ అని అరుస్తాడు. ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి బలం ఉంటుంది, చురుకు ఉంటుంది. ఆగడం ఉండదు. అది ఎవరూ చెబితే వచ్చేది కాదు. వందల రైడ్లు ఎదురుగా చూసి, అందులో సగం తప్పులు చేసి, మిగిలిపోయిన దాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకుంటే వచ్చేది.

కవర్‌ది ఇంకో తరహా. రైడర్ వీపు తిరిగినప్పుడు భుజంతో నడుము దగ్గర ఢీకొట్టి పక్క గీత బయటికి నెట్టడం డ్యాష్. వెనక్కి పరుగెడుతున్నవాడికి ఛాతీ అడ్డం పెట్టి ఆపడం బ్లాక్. రెండింటిలోనూ తానొక్కడే చేసింది తక్కువ, ఇంకొకడు మొదలుపెట్టింది పూర్తిచేసింది ఎక్కువ. లెక్క రాసేటప్పుడు ఆ పాయింటు సాధారణంగా పట్టు మొదలుపెట్టినవాడి ఖాతాలోకి పోతుంది. ఆరుగురు మీద పడి ఆపినా సరే, ఒక్కడి పేరే.

కాగితం మీదికి అసలే రానిది ఇంకొకటి ఉంది. రైడర్ వస్తాడు, అటూ ఇటూ తిరుగుతాడు, ఎక్కడా సందు దొరక్క ఖాళీగా వెనక్కి పోతాడు. అలా వరసగా రెండు ఖాళీ అయితే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడరే అవుట్. ఆ మూడో రైడ్‌లో రైడర్ ఒత్తిడి తట్టుకోలేక లోపలికి దూసుకొస్తాడు, ఎవరో పట్టేస్తారు, పాయింటు వాళ్లది. మొదటి రెండు రైడ్లనూ ఖాళీ చేయించిన కుర్రాడికి వచ్చింది సున్నా. పోచంపల్లిలో చిటికి కట్టి రంగులో ముంచిన నూలు చూసి చీర బాగాలేదని ఎవరూ అనరు. కబడ్డీలో మాత్రం మొదటి ఏడాది డిఫెండర్ మీద రోజూ ఆ మాటే అంటున్నాం.

ప్రొ కబడ్డీ లీగ్ 2014లో మొదలయ్యాక ఈ తొందర ఇంకా పెరిగింది. ఇప్పుడు ప్రతి ఆటగాడికీ అంకెలున్నాయి, ఏడాదికోసారి వేలం ఉంది. కానీ ఆ లీగ్ చరిత్రే ఏ ఒక్క సీజన్ అంకెలనూ నమ్మొద్దని చెబుతోంది. పర్దీప్ నర్వాల్ 2015లో బెంగళూరు బుల్స్‌తో అడుగుపెట్టాడు. 6 మ్యాచుల్లో 9 పాయింట్లు. తర్వాతి సీజన్‌లో పట్నా పైరేట్స్‌కు మారి 116 రైడ్ పాయింట్లు చేశాడు. 2017లో ఒక్క సీజన్‌లోనే 369. పవన్ సెహ్రావత్ 2017లో గుజరాత్ తరఫున పట్టుమని పది పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. మరుసటి సీజన్ బెంగళూరుకు వెళ్లి 271 రైడ్ పాయింట్లు తెచ్చాడు. 2019 జనవరి 5న ముంబైలో జరిగిన ఫైనల్లో అదే గుజరాత్ మీద ఒక్కడే 22 పాయింట్లు చేసి కప్పు తీసుకుపోయాడు. ఆ తర్వాత తెలుగు టైటాన్స్ అతని కోసం 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టింది. వీళ్లిద్దరూ రైడర్లు. పని కళ్లముందు కనిపించే రైడర్ల విషయంలోనే అంచనా ఇంతగా తప్పితే, సగం పని లెక్కలోకే రాని డిఫెండర్ సంగతి చెప్పేదేముంది?

మొదటి సీజన్‌లోనే మెరిసిన డిఫెండర్లు లేరని కాదు. ఇరాన్ కుర్రాడు మొహమ్మద్‌రెజా షాద్లూ 2021-22 సీజన్‌లో పట్నాకు వచ్చీ రావడంతోనే 89 ట్యాకిల్ పాయింట్లు తెచ్చాడు. ఆ మరుసటి సీజన్‌లో జైపూర్ కార్నర్ అంకుశ్ రాఠీ కూడా తన మొదటి లీగ్‌లో సరిగ్గా అన్నే తెచ్చాడు. కానీ అలాంటివాళ్లను కొలబద్ద చేసుకుంటే మిగిలిన అందరూ పొట్టివాళ్లే. ఒకే సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు చేసిన మొదటి డిఫెండర్ నితేశ్ కుమార్. యూపీ యోధా తరఫున అతను ఆ అంకె అందుకున్నది తన రెండో సీజన్‌లో.

ఇది మన ఆట ఒక్కదాని గొడవ కాదు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్ల పిల్లలు చూసే అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్ అనే స్థానం ఉంది. బంతి అందుకుని పరుగెత్తాలి, అవతలి వాళ్లను భుజంతో ఆపి తనవాళ్లకు దారి కూడా చేయాలి. రెండు పనులు. మొదటిదానికి గజాల్లో అంకె ఉంది, రెండోదానికి దాదాపు లేదు. మన కవర్‌కు అన్నదమ్ముడి లాంటివాడు. అక్కడా మొదటి ఏడాది దాటిన కుర్రాడి మీద ఇదే పంచాయితీ. ట్రావిస్ కెల్సీ 2013లో మోకాలి దెబ్బతో ఒక్క మ్యాచ్‌తో సరిపెట్టుకున్నాడు, ఒక్క బంతీ అందుకోలేదు. తర్వాత 2016 నుంచి వరసగా ఏడు సీజన్లు వెయ్యి గజాలు దాటాడు. జార్జ్ కిటిల్ 2017లో 515 గజాలు, మరుసటి ఏడాది 1,377. ఇక కైల్ పిట్స్‌ది తలకిందుల కథ. 2021లో మొదటి సీజన్‌లోనే 1,026 గజాలు చేసి ఆకాశానికెత్తించుకున్నాడు, తర్వాతి ఏడాది గాయం కూడా తోడై 356 దగ్గర ఆగాడు. 2024లో బ్రాక్ బవర్స్ 112 బంతులు అందుకుని 1,194 గజాలు చేస్తే, అప్పటినుంచి కొత్తగా వచ్చే ప్రతి కుర్రాణ్నీ అతని పక్కన నిలబెట్టి పోల్చడం మొదలైంది. అది ఆ కుర్రాళ్లకు అన్యాయం.

మరి మొదటి ఏడాది అయ్యాక చూడాల్సిందేమిటి? నేనైతే మొదట పాదాలు చూస్తాను. రైడర్ అటూ ఇటూ కదిలినప్పుడు కుర్రాడి కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయా, లేక ముందరి పాదం మీద బరువు ఉంచుకుని జరుగుతున్నాడా? ఇది మొదటి మూడు నెలల్లో రావాలి, రాకపోతే శిక్షణలోనే లోపం. తర్వాత, ఒక పట్టు తప్పి అవుట్ అయ్యి, మళ్లీ కోర్టులోకి వచ్చాక అదే రైడర్ ఎదురుగా వస్తే ఏం చేస్తున్నాడన్నది. కొందరు కోపంతో మళ్లీ ముందుగానే దూకుతారు. కొందరు భయపడి రైడర్‌కు మూలంతా వదిలేసి వెనక గీతకు అతుక్కుపోతారు. రెండూ ఆ వయసుకు సహజమే. మూడోసారికైనా ఆగి, కాలు పడే దాకా చూసినవాడుంటే, అతనికి ఒక్క పాయింటు రాకపోయినా ఆ ఏడాది వృథా కాలేదు. పక్కవాడు దూకినప్పుడు వీడు ఎంత సేపట్లో అందుకున్నాడు, చెయ్యి ఎప్పుడు వదిలాడు అన్నది కూడా చూడాలి. ఈ చెయ్యి వదలడం దగ్గరే చాలామంది కోచ్‌లకు కుర్రాడి బుర్ర అర్థమవుతుంది.

ఒళ్లు సంగతి కూడా మరిచిపోకూడదు. జూనియర్ బాలుర ఆటలో బరువు పరిమితి సీనియర్ల కంటే తక్కువ. నిన్నటిదాకా తన ఈడు వాళ్లనే పట్టిన పిల్లవాడి ముందుకు ఒక్కసారిగా తనకంటే ఎంతో బరువున్న రైడర్ వస్తాడు. జూనియర్లలో తొడ పట్టుతో లేపి పడేసినవాడు ఇక్కడ తొడ పట్టుకుని వేలాడతాడు. అది చేతకానితనం కాదు, ఎదగాల్సిన ఒళ్లు. మన ఊరి పిల్లలకు ఇంకో కష్టం మ్యాట్. మట్టిలో ఆడినవాడికి పాదం కొంచెం జారడం అలవాటు, ఆ జారుడుతోనే మలుపు తిరుగుతాడు. మ్యాట్ మీద బూటు అంటుకుని ఆగిపోతుంది, మోకాలు మెలిపడుతుంది. మట్టి మీద నేర్చిన సమయజ్ఞానం మ్యాట్ మీదికి మారడానికి నెలలు పడుతుంది. జిల్లా కేంద్రంలో మ్యాట్ మీద రోజూ సాధన చేసినవాణ్నీ, పండగకు తప్ప మ్యాట్ మొహం చూడనివాణ్నీ ఒకే గీటురాయి మీద గీస్తే రెండోవాడు ఎప్పుడూ ఓడతాడు.

పట్టు విలువ తెలియాలంటే 2018 ఆసియా క్రీడలు గుర్తుచేసుకోవాలి. 1990లో బీజింగ్‌లో కబడ్డీ పతకాల ఆట అయినప్పటి నుంచి అంతకుముందు దాకా పురుషుల స్వర్ణం ఏడుసార్లూ మనదే. 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. కుస్తీ పెరిగిన నేల నుంచి వచ్చినవాళ్లు, పట్టడాన్నే ఆటకు వెన్నెముక చేసుకున్నవాళ్లు. లీగ్‌లో ఫజెల్ అత్రాచలీ అనే ఇరాన్ కార్నర్ ఏడాది తర్వాత ఏడాది ఆడి 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన మొదటివాడయ్యాడు. మనం రైడర్లకు ఈలలు వేస్తున్న కాలంలో వాళ్లు డిఫెండర్లను ఓపికగా తయారుచేశారు. హాంగ్‌జౌలో 2023లో మళ్లీ స్వర్ణం తెచ్చుకున్నాం, అదీ అదే ఇరాన్ మీద 33-29తో కిందామీదా పడి.

అసలు పరీక్ష రెండో ఏడాదిది. మొదటి ఏడాది కొత్త కార్నర్ ఎలా దూకుతాడో రైడర్లకు తెలియదు కాబట్టి కొన్ని పాయింట్లు ఉత్తపుణ్యానికి వస్తాయి. రెండో ఏడాదికి అందరూ వీడియోలు చూసి, వాడు ఎడమ కాలికి దూకుతాడని తెలుసుకుని, ఆ కాలే ఎరగా వేస్తారు. అందుకే మొదటి ఏడాది మెరిసినవాణ్ని నెత్తిన పెట్టుకోవడం ఎంత తప్పో, మెరవనివాణ్ని ఇంటికి పంపడం అంతే తప్పు. భువనగిరి లాంటి జిల్లాలో ఈ రెండో తప్పుకు మూల్యం ఎక్కువ. ఇక్కడ పిల్లవాడు ఒకసారి వెనక్కి వచ్చాడంటే ఇంట్లో వాళ్లు ఆటకు మళ్లీ పంపరు. ఏదో పనిలో పెడతారు, లేదా హైదరాబాద్ బస్సెక్కిస్తారు. రెండో అవకాశం ఉండదు.

ఎంపికలకు కూర్చునేవాళ్లను నేను కోరేది పెద్దదేమీ కాదు. స్కోరు రాసే పుస్తకంలో ఇంకో రెండు గడులు గీయండి. కుర్రాడి వైపు వచ్చి ఖాళీగా పోయిన రైడ్లు ఒకదాంట్లో, పక్కవాడి పట్టుకు సాయం పడినవి రెండోదాంట్లో. రాయడానికి ఒక మనిషి, ఒక పెన్ను చాలు. రెండో ఏడాది మొదటి ఐదారు మ్యాచుల్లో వాణ్ని గట్టి రైడర్ల ముందు నిలబెట్టండి. అప్పటికీ కాలు గాల్లో ఉండగానే దూకుతుంటే కార్నర్‌కు పనికిరాడని రాసుకోండి, అదీ ఒక సీజన్ కవర్‌లో ఆడించి చూశాకే.