గోల్‌కీపర్ పాదం ఎటు తిరిగింది?

మన ఎర్రావారిపాలెం నుంచి వెళ్లిన గోల్‌కీపర్ ఇ. రజని 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌కు భారత మహిళల జట్టు కెప్టెన్. జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడింది. ఏడు గోల్స్ పడుతుంటే కీపర్ ఏం చేస్తున్నట్టు అని అడగబుద్ధేస్తుంది. కానీ ఆ ఆటలో జట్టుకు ఐదుగురే, మైదానం చిన్నది, ఎక్కడి నుంచి కొట్టినా గోలే. పదకొండు మంది ఆటలో అయితే గోల్ ముందు గీసిన డీ బయటి నుంచి నేరుగా కొట్టింది చెల్లదు. రూలు మారితే కీపర్ పనే మారిపోతుంది. గోల్‌కీపింగ్ అంటే గుండె ధైర్యమని, అది పుట్టుకతో రావాలని మనవాళ్లు అంటుంటారు. ధైర్యం అక్కర్లేదని నేననను. అయితే ఈ విద్యను ఇంతగా మార్చింది మాత్రం నేల, ప్యాడ్లు, రూల్స్ పుస్తకం.

1956, 60, 64 ఒలింపిక్స్‌లో మన గోల్ కాసిన శంకర్ లక్ష్మణ్ ఆడింది గడ్డి మీద. గడ్డి మీద బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే అప్పటి పద్ధతిలో పని రెండు అంచెలు: ముందు బంతిని కాళ్ల దగ్గర చంపాలి, తర్వాత తన్నాలి. ఆనాటి ప్యాడ్లకు తగిలిన బంతి అక్కడే పడేది కాబట్టి అది కుదిరింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో టర్ఫ్ వచ్చింది, బంతి నేలనంటుకుని దూసుకురావడం మొదలైంది. ఆ వెనకే గట్టి ఫోమ్ ప్యాడ్లు వచ్చాయి. ఫోమ్‌కు తగిలిన బంతి ఆగదు, గజాల దూరం ఎగిరిపోతుంది. ఇక ఆపడం కుదరనప్పుడు ఎటు పంపాలన్నదే కీపర్ విద్య అయింది. పాదం నిటారుగా పెడితే బంతి మళ్లీ ప్రత్యర్థి స్టిక్ మీదికే పోతుంది. కాస్త బయటికి తిప్పిపెడితే సైడ్‌లైన్ వైపు పోతుంది. ఆ తిప్పడం బంతి తగలకముందే జరిగిపోవాలి.

రూల్స్ చేసిన పని ఇంకా తమాషా. పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్ హిట్ అయితే, అది గోల్ గీత దగ్గర 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు. గోల్ ఎత్తు 2.14 మీటర్లు, భయం మాత్రం మోకాలి కిందే. అందుకని 1980లలో చాలామంది కీపర్లు గోల్‌కు అడ్డంగా నేలమీద పడుకునేవాళ్లు. చూసేవాళ్లకు అది పిచ్చితనంలా కనిపించినా లెక్క సరైనదే. తర్వాత బంతిని స్టిక్‌తో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్ వచ్చింది. అది హిట్ కాదు గనుక ఆ ఎత్తు హద్దు దానికి లేదు. బంతి పైమూలకు పోతుంటే కింద పడుకుని ఏం లాభం? కీపర్లు మళ్లీ లేచి నిలబడ్డారు, చేతి గ్లవ్‌కు పని పెరిగింది.

హెల్మెట్ లేకుండా నిలబడ్డ పాతవాళ్ల ముందు ఈ కవచాలవాళ్లు ఎంత అని కొందరంటారు. ఆ తెగువను ఎవరూ కాదనలేరు. కాని ఇప్పటి ఫోమ్ ప్యాడ్లు కడితే, బంతిని చంపే ఆ అలవాటును లక్ష్మణ్ అంతటివాడూ మానుకోవాల్సిందే. ఇంకో ప్రశ్న దీనికన్నా గట్టిది: సామగ్రి అందరికీ ఒకటే అయినప్పుడు ఒకరు మెరుగ్గా, ఒకరు తక్కువగా ఎందుకుంటారు? నిజమే, గీత వదిలి ఎప్పుడు ముందుకు రావాలన్నది మనిషి తీర్పే. 2017 మహిళల ఆసియా కప్ ఫైనల్లో భారత్ చైనాపై షూటౌట్‌లో 5-4తో గెలిచినప్పుడు మన కీపర్ సవిత చూపించింది అదే. అయితే ఆ తీర్పుకు చోటిచ్చిందీ రూలే. పెనాల్టీ స్ట్రోక్‌లో అవతలివాళ్లు బంతిని ఆడేదాకా కీపర్ పాదాలు కదపకూడదు. షూటౌట్‌లో 23 మీటర్ల గీత నుంచి వచ్చే ఆటగాడికి ఉన్నది ఎనిమిది సెకన్లే, ఎదురెళ్లి ఆ సెకన్లను తినేయొచ్చు.

అందుకే మన బడుల మట్టి మైదానాల గురించి ఆలోచించాలి. మట్టి మీద నేర్చుకున్న పిల్లకు బంతిని చంపడమే అలవాటవుతుంది. టర్ఫ్ మీదికి వెళ్లాక అదే అలవాటు ఎదుటివాళ్లకు బంతి అందించినట్టవుతుంది. మట్టిలోంచి వచ్చినవాళ్లూ ఎదిగారుగా అనొచ్చు. ఎదిగారు, నేర్చుకున్నది సగం చెరిపేసుకుని. టర్ఫ్ మైదానం ఖర్చు పెద్దది, ఊరూరా వేయమంటే జరిగేది కాదు. కానీ కీపర్‌కు మైదానమంతా అక్కర్లేదు. గోల్ ముందు నాలుగు గజాల టర్ఫ్ ముక్క పరిచి, మంచి ఫోమ్ ప్యాడ్లు ఒక జత కొనిస్తే పాదం తిప్పడం అక్కడే నేర్పొచ్చు.