ఉంగరం, కాలయంత్రం, చిత్రగుప్తుడి చిట్టా

'మాయాబజార్'లో శ్రీకృష్ణుడు శశిరేఖకు ఒక పెట్టె బహుమతిగా ఇస్తాడు. పేరు ప్రియదర్శిని. మూత తీసి చూసినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ తల్లి రేవతి చూస్తే నగలు కనిపిస్తాయి. బలరాముడు చూస్తే శిష్యుడు దుర్యోధనుడు. శశిరేఖకు అభిమన్యుడు. కృష్ణుడి వంతు వచ్చేసరికి పాచికలతో శకుని ప్రత్యక్షమవుతాడు. సినిమా విడుదలైంది 1957 మార్చిలో. మన దేశంలో టీవీ ప్రసారాలు ప్రయోగాత్మకంగా ఢిల్లీలో మొదలైంది 1959 సెప్టెంబరులో. టీవీని ముందే ఊహించారని ఆ పెట్టెను పొగడటం మనకు అలవాటు. దాని అసలు గొప్పతనం అది కాదని నా అభిప్రాయం. ఒక్క వింత వస్తువు ఇంట్లోకి రాగానే ఆ ఇంట్లో ఎవరి మనసు ఎటు మొగ్గుతోందో చెప్పకుండానే తెలిసిపోయింది. రేపు పెళ్లి దగ్గర గొడవ ఎక్కడ మొదలవుతుందో ప్రేక్షకుడు ముందే పసిగట్టాడు. పౌరాణికం, కుటుంబ కథ, శాస్త్ర కల్పన మూడూ ఆ కాసేపట్లో ఒకే పని చేశాయి.

మనం 'సోషియో ఫాంటసీ' అని పిలుచుకునే కథలన్నింటికీ ఈ సన్నివేశమే పాఠ్యపుస్తకం. రెండు మూడు రకాల కథలను కలపడం ఎవరైనా చేస్తారు. దెయ్యం సినిమాలో నాలుగు హాస్య సన్నివేశాలు పెట్టినంత మాత్రాన అది మేళవింపు కాదు. ఒక లోకపు నియమం మరో లోకపు మనిషికి చిక్కుముడి అయి కూర్చోవాలి. పెట్టె, ఉంగరం, పుస్తకం, యంత్రం, ఏదైనా సరే, అది మనిషి కోరికను, భయాన్ని బయటికి లాగాలి. మన వాళ్లు ఈ విద్యను బాగా నేర్చారు. తెలుగువారు ప్రపంచ కాల్పనిక సాహిత్యానికి ఏమిచ్చారని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది దీన్నే.

'మాయాబజార్' కథ వ్యాస భారతంలో లేదు. అసలు శశిరేఖే లేదు. జనంలో పుట్టి, నాటకాల్లో పెరిగిన కథ ఇది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజాలు ఆకాశంలో ఎగిరే పాత్రలతో, కళ్లముందే మాయమయ్యే వస్తువులతో 'మాయాబజార్'ను ఊరూరా ఆడాయి. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఆ కథను తీసుకుని మొదట మేనరికం తగాదాగా మార్చారు. మేనత్త కొడుక్కి పిల్లనిస్తామని మాట ఇచ్చారు. మేనత్తగారింటి రాజ్యం పోయింది. ఇప్పుడు పిల్ల తల్లికి ఆ సంబంధం ఇష్టం లేదు. కోస్తాలోనైనా, సీమలోనైనా, తెలంగాణలోనైనా ఈ తగాదా చూడని ఇల్లు ఉండేది కాదు ఆ రోజుల్లో. పాండవులను తెరమీద ఒక్కసారి కూడా చూపించలేదు. చూపిస్తే కథ కురుక్షేత్రం వైపు లాగుతుంది, పెళ్లి చిన్నబోతుంది. ఏం కలపాలన్నదాని కంటే ఏం తీసేయాలన్నది వాళ్లకు బాగా తెలుసు.

మాయ శశిరేఖగా సావిత్రి నటన చూడండి. బయటికి అమ్మాయి, లోపల ఘటోత్కచుడు. మామూలుగా అయితే కెమెరా జిమ్మిక్కుతో సరిపెట్టేవారు. మార్కస్ బార్‌ట్లీ లాంటి ఛాయాగ్రాహకుడు చేతిలో ఉండి కూడా కె.వి. రెడ్డి ఆ భారాన్ని సావిత్రి ఒంటి మీదే పెట్టారు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు ఛాతీ విరుచుకుని నడిచే తీరు, కళ్లు ఉరిమే తీరు ఆమె నడకలోకి, చూపులోకి వచ్చేశాయి. ఎవరో అలికిడి చేస్తే మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు. పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు రేలంగి ముఖంలో నొప్పి, అయోమయం రెండూ కనిపిస్తాయి. రాక్షస కథ, పెళ్లి ప్రహసనం ఒకే మనిషి దేహంలో అతుకు తెలియకుండా కలిసిపోయాయి. గ్రాఫిక్స్‌కు ఎంత ఖర్చు పెట్టినా ఈ పని జరగదు.

ఇలాంటి ఊహ తెలుగుకు సినిమాతోనే వచ్చిందని కూడా అనలేం. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన 'కళాపూర్ణోదయం'లో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. ఆ కథ భూమ్మీద మనుషుల జీవితమై నడుస్తుంది. కథ ముందా, జీవితం ముందా అన్న ప్రశ్నతో ఆడుకున్న కావ్యం అది. ప్రేమకథ, మంత్రతంత్రాలు, పూర్వజన్మలు, అపరాధ పరిశోధనలాంటి ఉత్కంఠ అన్నీ అందులో ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో దాన్ని వ్యాకరణం కోసం, వర్ణనల కోసం చదివించారు గానీ కథ అల్లే విద్య కోసం చదివించింది తక్కువ. అది పెద్ద లోటు.

ఇక యముడి సంగతి. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల', 2007లో 'యమదొంగ'. ఒక దేవుణ్ణి ఇన్నిసార్లు భూమ్మీదికి దించి, ఇన్ని విధాల ఇబ్బంది పెట్టిన సినిమా పరిశ్రమ మరొకటి ఉందని నేననుకోను. 'దేవాంతకుడు'కు మూలం బెంగాలీ సినిమా. అయినా యముడు ఇక్కడే స్థిరపడిపోయాడు. దానికి కారణం ఉంది. యమలోకాన్ని మనవాళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంగా చూశారు. చిత్రగుప్తుడి దగ్గర చిట్టా ఉంటుంది. చిట్టాలో పొరపాటు దొర్లుతుంది. 'యముడికి మొగుడు'లో ఆయువు తీరని మనిషిని ముందే తీసుకుపోతారు. తిరిగి పంపుదామంటే శరీరం అప్పటికే దహనమైపోయింది. ఇప్పుడు అలాంటి రూపమే ఉన్న మరో మనిషిని వెతకాలి. 'యమగోల'లో కథానాయకుడు నరకానికి వెళ్లి యమభటులతోనే సంఘం పెట్టిస్తాడు, సమ్మె చేయిస్తాడు. కార్మిక సంఘాల హోరు ఊరూరా వినిపిస్తున్న కాలం అది. ప్రేక్షకుడు తన ఫ్యాక్టరీని, తన ఆఫీసును నరకంలో చూసుకుని ఈలలు వేశాడు.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. ఈ సినిమాల్లో యముడు తనను తాను వేళాకోళం చేసుకోడు. పద్యనాటకాల నుంచి వచ్చిన కిరీటం, గద, గ్రాంథిక భాష, గంభీర స్వరం ఏదీ వదలడు. 'యమగోల' నుంచి 'యమలీల' దాకా కైకాల సత్యనారాయణ ఆ పాత్రను పోషించిన తీరులో పౌరాణిక చిత్రాల నిష్ఠ ఉంటుంది. రోడ్డు మీద ఆటోల మధ్య నిలబడ్డా ఆయన ధర్మరాజే. నవ్వు పుట్టేది ఆయన గౌరవం వల్లే. ఆ గాంభీర్యం కాస్త సడలినా ఫాన్సీ డ్రెస్ పోటీ అయిపోతుంది. తరువాత వచ్చిన చాలా సినిమాలు అక్కడే దెబ్బతిన్నాయి. యముడి చేతే ఐటం పాటకు డాన్సు చేయించిన రోజున ఆయనకు చావు మీద అధికారం ఉందని ప్రేక్షకుడు నమ్మడం మానేస్తాడు. చావు భయం లేనప్పుడు కథలో పందెం ఏముంటుంది?

'యమలీల' ఆ పందేన్ని సరిగ్గా పట్టుకుంది. భవిష్యవాణి గ్రంథం పైనుంచి జారి ఒక అల్లరి కుర్రాడి చేతికి చిక్కుతుంది. రేపేం జరుగుతుందో ఈరోజే చదువుకుని అతను హాయిగా బతికేస్తాడు. అంతదాకా హాస్యం. ఒకరోజు తల్లి ఆయువు ఎంతో చూడాలనిపిస్తుంది. చూస్తాడు. ఆ పేజీతో సినిమా రకమే మారిపోతుంది. కొడుకుగా అలీ, తల్లిగా మంజుభార్గవి మధ్య ఆ తరువాత వచ్చే సన్నివేశాలకు థియేటర్లలో జనం కళ్లు తుడుచుకున్నారు. దర్శకుడు ఎస్.వి. కృష్ణారెడ్డి కొత్త వస్తువు ఏదీ తీసుకురాలేదు. లాభం తెచ్చిన పుస్తకమే దుఃఖాన్ని కూడా తెచ్చింది. నవ్వించిన నియమమే ఏడిపించినప్పుడు రెండు రకాల కథలు నిజంగా ఒకటవుతాయి.

1990 మేలో వచ్చిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లోనూ అంతే. ఉంగరం లేకపోతే దేవకన్య ఇంద్రజకు స్వర్గద్వారం తెరుచుకోదు. ఆ ఉంగరం ఒక టూరిస్టు గైడు వేలికి ఉంది. చుట్టూ తల్లిదండ్రులు లేని పిల్లలు. వెనకాల మాంత్రికుడు. జానపద చిత్రాల రాజకుమారి, నాగకన్య కథలు విన్నవాళ్లకు ఈ షరతు కొత్త కాదు. ఇంద్రజగా శ్రీదేవి మాత్రం కొత్తగా కనిపించింది. భూలోకపు చిన్న చిన్న సంగతులు చూసి ఆమె ఆశ్చర్యపోతుంటే మన వీధిని మనమే మొదటిసారి చూస్తున్నట్టుంటుంది. తుపాను వానల్లో విడుదలైనా జనం థియేటర్లకు కదిలి వచ్చారు.

ఈ దారిలో అన్నింటికన్నా ధైర్యమైన అడుగు 'ఆదిత్య 369'. 1991లో వచ్చింది. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 'మాయాబజార్' కాలంలో కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి. హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవల 'ది టైమ్ మెషీన్' నుంచి ఆయన ప్రేరణ పొందారు. వెల్స్ ప్రయాణికుడు మనకు చెప్పే కథంతా భవిష్యత్తుదే. క్రీస్తుశకం 8,02,701కి, ఇంకా ముందుకు పోతాడు. సింగీతం ఆ యంత్రాన్ని ముందుగా వెనక్కి తిప్పారు. 1526కు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి. తెలుగువాడికి కాలయంత్రం దొరికితే మొట్టమొదట ఎక్కడికి పోవాలనుకుంటాడో ఆయనకు తెలుసు. భువనవిజయం కథలు, తెనాలి రామకృష్ణుడి చమత్కారాలు చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లకు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించాల్సిన అవసరమే లేదు. ఎక్కడికి తీసుకెళ్లిందో చూస్తే చాలు, నమ్మేస్తారు.

ఆ సినిమా నిర్మాణం దగ్గరగా చూస్తే అబ్బురమనిపిస్తుంది. వర్తమానంలో అది దొంగతనం కథ. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి రాయలనాటి వజ్రం కాజేస్తారు, ఒక పిల్లాడు చూస్తాడు, వాడి ప్రాణం మీదికి వస్తుంది. గతంలోకి వెళ్లేసరికి చారిత్రక చిత్రమైపోతుంది. రాయలుగా బాలకృష్ణ, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, రాజనర్తకిగా సిల్క్ స్మిత. కొలువు, నాట్యం, అసూయ. 2504లో మూడో ప్రపంచ యుద్ధం ముగిసి, అణుధార్మికత వల్ల మనుషులు నేల అడుగున బతుకుతుంటారు. అది అచ్చమైన శాస్త్ర కల్పన. ఒక్కో కాలానికి ఆ కాలపు సినిమా వ్యాకరణం ఇచ్చారు. మాటలు రాసిన జంధ్యాల కొలువులో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు నడిపారు. ఛాయాగ్రహణానికి పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ ముగ్గురూ పనిచేశారు. ఇళయరాజా సంగీతం మూడు కాలాల్లోనూ వెంట నడిచింది.

అన్నీ ఇలా వేరువేరుగా ఉంటే సినిమా మూడు ముక్కలు కావాలి. వజ్రం కానివ్వలేదు. మ్యూజియంలో గాజుపెట్టెలో చూసిన రాయినే రాయల కొలువులో చూస్తాం. దొంగ ఆశ, రాజు వైభవం ఒకే వస్తువు చుట్టూ తిరుగుతాయి. కానిస్టేబుల్‌గా సుత్తివేలు కూడా యంత్రం ఎక్కడం మరో మంచి ఊహ. అతను మన తరఫున వెళ్లిన మనిషి. చరిత్ర తెలిసిన నాయకుడికి ఆశ్చర్యం, అతనికి భయం. ఆ రెండూ కలిస్తేనే ప్రేక్షకుడి మనసు. భవిష్యత్తు భాగం సెట్లు నేటి పిల్లలకు వెలవెలబోయినట్టు కనిపించవచ్చు. ఆ భాగం నిడివి కూడా తక్కువే, ఇంకొంచెం నిలిచి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. విజయనగరం భాగం మాత్రం చెక్కుచెదరలేదు.

నవలల్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఇంకో దారి తొక్కింది. చేతబడిని, వైద్యశాస్త్రాన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి చిన్నపిల్ల ప్రాణాన్ని మధ్యలో పెట్టింది. వారపత్రిక కోసం జనం ఎదురుచూసేలా చేసింది. క్షుద్రశక్తుల మీద నమ్మకం పెంచిందన్న విమర్శ అప్పుడూ వచ్చింది, అందులో న్యాయం ఉంది. దాన్ని అనుకరించిన వాళ్లు శాస్త్రాన్ని వదిలేసి భయాన్ని మాత్రం తీసుకోవడంతో ఆ రకం నవల త్వరగానే చప్పబడింది. రెండు వైపులా బలం సమానంగా ఉంటేనే ఆ తూకం నిలుస్తుంది.

2024 జూన్‌లో విడుదలైన 'కల్కి 2898 ఏడీ'ని ఈ వంశవృక్షంలోనే చూడాలి. దర్శకుడు నాగ్ అశ్విన్‌కు స్క్రిప్టు దశలో మార్గదర్శిగా నిలిచింది సింగీతమే. కె.వి. రెడ్డి నుంచి సింగీతానికి, ఆయన నుంచి ఈ తరానికి విద్య చేతులు మారింది. మహాభారతంలో అశ్వత్థామకు పడిన శాపాన్ని తీసుకుని, కురుక్షేత్రం జరిగిన ఆరువేల ఏళ్ల తరువాత ఎండిపోయిన గంగ ఒడ్డున కాశీలో అతన్ని లేపడం గొప్ప ఊహ. చావులేని శాపం పురాణంలో శిక్ష. భవిష్యత్తు కథలో అదే కాలప్రయాణం. యంత్రం అక్కర్లేకుండా ఒక మనిషి ద్వాపరం నుంచి 2898 దాకా నడిచి వచ్చాడు. అమితాబ్ బచ్చన్ ఎత్తు, ఆ అలసిపోయిన కళ్లు ఆ నడకను నమ్మించాయి.

బుజ్జి అనే మాట్లాడే కారు, బహుమానాల కోసం మనుషులను వేటాడే భైరవ, తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్, శంభల అనే రహస్య నగరం. ఇవన్నీ మొదటి సగంలో ఒకదాని తరువాత ఒకటి పరిచయమవుతూనే ఉంటాయి. ప్రియదర్శిని పెట్టె నిమిషాల్లో చేసిన పనికి ఇక్కడ గంట పట్టింది. వింతలు ఎక్కువైతే ఏ వింతకూ నియమం మిగలదు. అశ్వత్థామ, భైరవ ఎదురెదురుగా నిలబడినప్పుడు మాత్రం సినిమా తన బలాన్ని తాను తెలుసుకుంటుంది. ఒకరు ఒక తల్లి కడుపులోని బిడ్డను కాపాడాలి, ఒకరు ఆ తల్లిని పట్టుకుని అప్పగించి లాభం పొందాలి. చివర్లో భైరవ ఎవరో తెలిసినప్పుడు, కర్ణుడు ఇన్నాళ్లూ పొట్టకూటి కోసం తిరుగుతున్నాడని అర్థమైనప్పుడు, దానశూరుడి పేరు మోసిన మనిషికి డబ్బాశను ఎందుకు అంటగట్టారా అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే భారం రెండో భాగం మీద ఉంది.