నాదము లేని వాద్యములు: బాస్కేనిస్ చిత్రకళ

ఇటలీదేశమున లొంబార్దీ మండలమందలి బెర్గామో నగరము ఎవరిస్తో బాస్కేనిస్ (1617–1677) అను చిత్రకారునకు జన్మస్థానము. అతడు క్రైస్తవ పురోహితుడు. సంగీతమునందును ప్రవేశము గలవాడు. అతని వంశమున పూర్వులు పలువురు దేవాలయ కుడ్యములపై చిత్రములు వ్రాసిరి. ఇతనికి మాత్రము వాద్యములను వ్రాయుటవలననే ప్రసిద్ధి కలిగెను. ఆ కాలమున క్రెమోనా నగరమందు అమాతి వంశీయులు ఉత్తమములగు ఫిడేళ్లను నిర్మించుచుండిరి.

బాస్కేనిస్ పటములందు బల్లపై దళసరి తివాసి పఱచియుండును. దానిపై ఫిడేలు, గిటారు, ల్యూటు అను తంత్రీవాద్యము, సంగీత పుస్తకములు, ఒక్కొకచో ఫలములు కానవచ్చును. వాదకుడు మాత్రము లేడు. వీణబుఱ్ఱవలె నుబ్బిన వీపుగల ల్యూటు పెక్కుచోట్ల బోరగిల ద్రోయబడియుండును, తంత్రులు కానరావు. కొన్ని పటములందు ఆ వీపుపై ధూళియు, ధూళిలో వ్రేళ్లజాడలును గలవు.

జడవస్తువులను ఉన్నవి యున్నట్లు వ్రాయుట అనుకరణమే కాని కళ గాదనియు, ఆలంబనమగు మనుష్యుడు లేనిచోట రసనిష్పత్తి పొసగదనియు నాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపమునకు సమాధానము ధ్వనిమార్గమున లభించును. తొమ్మిదవ శతాబ్దివాడగు ఆనందవర్ధనుడు వ్యంగ్యభేదము నొకదానిని అనుస్వానముతో, అనగా నాదము వెనుక మిగులు మ్రోతతో, బోల్చెను. ఈ పటములందు ధూళి వాచ్యము. వాద్యము చిరకాలము మూలబడియున్నదనుట వ్యంగ్యము. వ్రేళ్లజాడ వాచ్యము, ఎవరో తాకియు వాయింపక విడిచిరనుట వ్యంగ్యము. ఈ రెండును గలసి, గానము ముగిసిన గదిలోని శూన్యతను సహృదయునకు స్ఫురింపజేయుచున్నవి. చిత్రమున నాదమును వ్రాయ శక్యము గాదు. నాదము లేకుండుటను వ్రాయవచ్చునని యితడు నిరూపించెను.

మనుష్యులను వ్రాయజాలక యిట్లొనర్చెననుటకు వీలులేదు. 1665 ప్రాంతమున అల్యార్ది కుటుంబమునకై వ్రాసిన మూడు పటముల కూర్పే యిందులకు సాక్ష్యము. ప్రక్కపటములు రెండింటను ఆ యింటివారు కానవచ్చుచున్నారు. అందొకదానియందు బాస్కేనిస్ స్వయముగా స్పినెట్టు అను మీటలవాద్యమును వాయించుచున్నాడు. నడిమి పటమున వాద్యములు తప్ప వేఱెవరును లేరు. ఇరువైపుల గానము, నడుమ మౌనము: ఈ విన్యాసము బుద్ధిపూర్వకము.

దోషము లేకపోలేదు. ఒకే వాద్యము ఒకే వైఖరితో పలుపటములందు మరల మరల వచ్చుచుండుటచే, వానిని వరుసగా జూచువారికి నవ్యత కొంత సన్నగిల్లును. ఈ మార్గమును బార్తొలొమేఓ బెత్తెర ప్రభృతు లనుసరించిరి. 1996లో బెర్గామోయందును, 2000లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలయందును ఇతని చిత్రములు ప్రదర్శింపబడెను. బాస్కేనిస్‌ను కేవలము వస్తుచిత్రణ నిపుణునిగా నెంచుట అతని కళలోని వాచ్యమును మాత్రమే గ్రహించుట యగును.