తరువాత ఏమైనది?

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ హంతకుని జాడ కనిపెట్టువరకు దీపమార్పలేని చదువరిని నేను. తలుపు తెరచుకొనవలెను, ఎవడో లోనికి రావలెను, వచ్చినవాడు ఏదో దాచవలెను. ఇట్టివానికి బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' చేతబట్టినంతనే కలుగునది విసుగేయని ఒప్పుకొనుటలో నాకు సిగ్గు లేదు.

విచిత్రమేమనగా, 1946-47లో ధారావాహికగా వెలువడిన ఆ నవలలో కథకు కొదువ లేదు. తల్లిని గూర్చి లోకము చెప్పుకొను మాట వెన్నాడు వైద్యుడు దయానిధి, కోమలి, అమృతం, సుశీల, నిలువని దాంపత్యము, రాయలసీమ నేలలో దొరకిన వజ్రము: వీనితో మరియొకరు మూడు అపరాధ పరిశోధక నవలలు వ్రాసియుందురు. ఈయనయో, స్వయముగ చిత్రకారుడగుటచేత కాబోలు, సంఘటనను చప్పున దాటి, ఆకాశపు రంగు కడ నిలిచిపోవును. ఇది నేటి వింతయు గాదు. ఏడవ శతాబ్దిలోనే బాణభట్టు 'కాదంబరి'లో చిలుకచేత కథ చెప్పింప బూని, ఆ చిలుక పుట్టిన బూరుగు చెట్టును వర్ణించుచు కథను మరచెను. ముగియకముందే ఆయన గతింపగా కుమారుడు పూరింపవలసి వచ్చెను. ఆ కుమారునియెడ నాకు ప్రత్యేక గౌరవము కలదు.

ఇట్టి గ్రంథములు చదువునపుడు కథాపేక్షను విడువుమని పెద్దలందురు. నేను విడువలేదు, 'తరువాత ఏమైనది?' అను ప్రశ్ననే సంఘటన నుండి వర్ణన మీదికి మరల్చితిని. ఈ మేఘమును చూచుటకు ముందు దయానిధి మనస్సెట్లుండెను, చూచిన పిమ్మట నెట్లున్నది? ప్రేమించుటకు జంకువాడు కొండను చూచినను ఆ జంకుతోనే చూచునని తెలిసినంతనే, స్తంభించినదనుకొన్న పుట కదలజొచ్చినది; బిగ్గరగా, తొందరపడక, పూటకొక ప్రకరణము చొప్పున చదివితిని.

అయినను వర్ణనయెల్ల కవిత్వము గాదు. ఒకచోటి సూర్యాస్తమయమును తీసి వేరొకచోట పెట్టినను లోటు తోపనిచో అది వట్టి నగిషీ. బుచ్చిబాబుగారి ప్రకృతి ఈ పరీక్షకు చాలవరకు నిలుచును. స్త్రీలను గూర్చిన ఆయన సూత్రవాక్యములు మాత్రము నిలువవు. ఏ పాత్ర నోట బెట్టినను ఒక్కటియే. అవి వచ్చినపుడు నేను నిర్దాక్షిణ్యముగ పుట త్రిప్పుదును.